మా బూత్ రిజిస్టరును చదివినవాడు

పోయిన వారం గద్వాలలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు, మా కోడలు నా పక్కన కూర్చుని నా సెల్‌ఫోన్‌లో ఏదో ఎక్కించి, తెర మీద కదులుతున్న నీలి చుక్కను చూపించి, అది మా మనవరాలని చెప్పింది. పిల్ల కాలేజీ బస్సు ఎక్కిందా, దిగిందా, దారిలో ఎక్కడైనా ఆగిందా, అన్నీ ఇంట్లో కూర్చునే తెలుస్తాయట. మా అబ్బాయి ఆఫీసులోనూ ఇప్పుడు ముఖం చూపిస్తేనే తలుపు తెరుచుకుంటుందట, కాలం అలాంటిదట. అంతా విని, ఈ సంగతి పిల్లకు తెలుసా అని అడిగాను. తెలియదని, తెలిస్తే మూతి ముడుచుకుంటుందని, చెప్పొద్దని కోడలు నవ్వుతూ అంది. నాకు వనపర్తి బస్టాండు పక్కన మా ఎస్టీడీ బూత్, అక్కడ నా బల్ల మీద ఉండే పొడుగాటి రిజిస్టరు గుర్తుకొచ్చాయి.

నా ఈడువాళ్లకు ఎస్టీడీ బూత్ గురించి వేరే చెప్పనక్కరలేదు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే మా ఆయన ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాక వికలాంగుల కోటాలో మాకు వచ్చిందది, పదో తరగతి చదివిన ధైర్యంతో నేనే నడిపేదాన్ని. బజారంతా నన్ను ఆపా అని, అంటే అక్కా అని పిలిచేది. అద్దాల గది, లోపల ఫోను, పైన బిల్లు చూపిస్తూ గిర్రున తిరిగే ఎర్ర అంకెలు, బయట బెంచీ మీద పుణెకో ముంబైకో పనికిపోయిన తమవాళ్ల గొంతు వినడానికి వచ్చిన ఆడవాళ్లు. ఇంట్లో ఫోను లేనివాళ్లంతా మా నంబరునే పీపీ నంబరని తమవాళ్లకు ఇచ్చుకునేవారు. వాళ్లకు ఫోను వస్తే ఆ ఊరి బస్సెక్కే ఎవరో ఒకరితో కబురు పంపడం నా పని.

నల్లమల వైపు నక్సలైట్ల గొడవలుండే రోజులు కాబట్టి, స్టేషన్ నుంచి ఒకాయన వచ్చి, ఫోను చేసే ప్రతి మనిషి పేరు, ఊరు, చేసిన నంబరు రాసిపెట్టాలని, వాళ్లు అడిగినప్పుడు చూపించాలని చెప్పి వెళ్లాడు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుని, గుండ్రంగా రాసేదాన్ని. కొందరు రైతులు మా పేరెందుకమ్మా, మేమేం దొంగతనం చేసినమా అని చిరచిరలాడితే, పోలీసువాళ్ల ఆర్డరని గదమాయించేదాన్ని కూడా. ఇప్పుడు దాచుకోవడం ఎందుకు, ఊరివాళ్లు ఎవరెవరితో మాట్లాడుతున్నారో తెలుసుకోవడం నాకు బాగానే ఉండేది. ఇంట్లోనూ అంతే. మా ఫోను అంకెల మీద మూతపడేలా ఒక రేకు డబ్బా చేయించి తాళం వేసి, తాళంచెవి నా కొంగుకు కట్టుకునేదాన్ని. ఫోను వస్తే ఎత్తవచ్చు, చేయడానికి మాత్రం వీల్లేదు. ఇంటర్ చదివే మా అమ్మాయి ఆ డబ్బా వైపు చూసి చూసి, అడగడమే మానుకుంది. పిల్ల బుద్ధిమంతురాలని నేను మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే పాన్‌గల్ నుంచి ఒక అమ్మాయి ప్రతి గురువారం కుట్టుపని నేర్చుకోవడానికి వనపర్తి వచ్చి, తిరిగి బస్సెక్కే ముందు మా బూత్‌లో ఫోను చేసేది. తండ్రి లేడు, తల్లి కూలికి పోయేది, అన్న పుణెలో మేస్త్రీ కింద పనిచేసేవాడు. ఆమె అద్దాల తలుపు గట్టిగా వేసుకుని, చేత్తో నోరు కప్పుకుని మాట్లాడేది. ప్రతిసారీ ఒకటే హైదరాబాదు నంబరు. తన పేరు మీద ఒక ఫోను వస్తుందని, జర గుర్తుపెట్టుకొమ్మని ఒకసారి అడిగింది. ఎక్కడి నుంచి అంటే నవ్వి ఊరుకుంది. ఊళ్లో అందరి సంగతులూ తెలిసిన నాకు ఆ ఒక్కటీ తెలియకపోవడం కాస్త గుచ్చుకుంది.

ఒక రోజు ఆమె అన్న వచ్చాడు. పుణె నుంచి దిగి రెండు రోజులే అయిందట, చెల్లెలు బూత్ చుట్టూ తిరుగుతున్నదని ఎవరో చెవిన వేశారట. అరవలేదు, బెదిరించలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆపా, మా చెల్లె ఎవ్వలకు ఫోన్ చేస్తుందో జర చూపియ్యి. దాని మంచి కోసమే అడుగుతున్న."

పెళ్లీడు పిల్ల, తండ్రి లేడు, అన్నకు కాక ఇంకెవరికి పట్టింపు ఉంటుంది అనుకున్నాను. రిజిస్టరు అతని వైపు తిప్పి, నా వేలితోనే ఆ వరుసలు చూపించాను. అతను అక్కడే గదిలోకి వెళ్లి, తలుపు వేసుకోకుండానే ఆ నంబరుకు చేశాడు. అవతల మగ గొంతు వినిపించగానే ఒక్క ముక్కా అడగకుండా పెట్టేసి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాతి గురువారం ఆమె రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు.

మూడో వారం శుక్రవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఒక పెద్దమనిషి గొంతు, నర్సు ట్రైనింగ్ స్కూలు ఆఫీసు నుంచి. పాన్‌గల్ అమ్మాయి పేరు చెప్పి, సీటు వచ్చిందని, రేపు సాయంత్రంలోగా సర్టిఫికెట్లతో వచ్చి చేరకపోతే తర్వాతివాళ్లకు ఇచ్చేస్తామని చెప్పాడు. నంబరు అడిగి రాసుకుంటుంటే తెలిసింది, ఆ అంకెలు అప్పటికే నా రిజిస్టరులో నాలుగైదు చోట్ల నా రాతలోనే ఉన్నాయి. పట్టపగలు బూత్‌కు తాళం వేయడం అదే మొదటిసారి. కబురు పంపితే సరిపోదని నేనే పాన్‌గల్ బస్సెక్కాను.

ఆమె తల్లి అరుగు మీద పల్లికాయ ఒలుస్తోంది. కొడుకు రెండు రోజుల కిందటే చెల్లెలిని తనతో పుణె తీసుకుపోయాడని, అక్కడ పనివాళ్లకు వంట చేస్తుందని, తన కళ్ల ముందు ఉంటుందన్నాడని చెప్పింది. అక్కడి నంబరు ఏదైనా ఉందా అని అడిగాను. ఆమె లేచి లోపలి గోడ చూపించింది. దాని మీద బొగ్గుతో రాసి ఉన్నది ఒక్కటే నంబరు, అది మా బూత్‌దే. ఏదన్నా అవసరమైతే నీకే చేస్తమన్నరు గదమ్మా, అంది. మర్నాడు పొద్దున్నే ఆ స్కూలుకు ఫోను చేసి బతిమాలాను, వాళ్లు వారం ఆగుతామన్నారు. ఆ వారమంతా ఫోను మోగినప్పుడల్లా పుణె నుంచేమోనని పరుగెత్తి ఎత్తాను.

పుణె నుంచి ఫోను వచ్చేసరికి నెల దాటింది, సీటు వేరేవాళ్లకు పోయింది. ఆమే మాట్లాడింది, అమ్మకు ఒంట్లో ఎట్లుందని అడిగింది. నేను జరిగిందంతా చెప్పాను, అన్నకు రిజిస్టరు చూపించింది నేనేనని కూడా చెప్పాను. సీటు వచ్చాక చెబితే అన్న కాదనడని అనుకున్నదట, అందుకే దాచిందట. తర్వాత మెల్లగా అంది:

"పేరు పోలీసోళ్లకని రాపిచ్చిన గద ఆపా. మా అన్నకెందుకు సూపిస్తివి?"

ఆ తర్వాత ఆమె మా బూత్‌కు ఎన్నడూ ఫోను చేయలేదు. కొన్నాళ్లకు తల్లి కూడా పుణె వెళ్లిపోయిందని పాన్‌గల్ బస్సులో వచ్చినవాళ్లు చెప్పారు. ఆమె ఫోను వచ్చిన సాయంత్రమే నేను ఇంటికి వెళ్లి రేకు డబ్బా ఊడదీసి అవతల పెట్టాను. అయినా మా అమ్మాయి ఫోను దగ్గరకు పోలేదు. దాని భయం పోవడానికి చాలా రోజులు పట్టింది.

రిజిస్టరు మాత్రం రాయక తప్పలేదు, రాశాను. సొరుగులో పెట్టి తాళం వేసి, స్టేషన్ వాళ్లకు తప్ప చూపించనని మొగుళ్లతో, మామలతో, అన్నలతో ఎన్నోసార్లు గొడవపడ్డాను. ఆ స్టేషన్ వాళ్లు ఒక్కసారీ అడగలేదు. చేతిచేతికీ సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూసేసిన రోజున లెక్కచూస్తే, నేను అంత గుండ్రంగా రాసిన పుస్తకాలను తెరిచి చదివినవాడు ఆ అన్న ఒక్కడే.

గద్వాలలో కోడలు వద్దన్నా, చుక్కను చూసిన సాయంత్రమే మనవరాలు రాగానే నా ఫోను దాని చేతిలో పెట్టి, చుక్కను చూపించి, ఇది నువ్వేనట అని చెప్పాను. పిల్ల ముఖం ఎర్రబడింది. వాళ్లమ్మ నాతో రెండు రోజులు ముభావంగా ఉంది. ఆ తర్వాత తల్లీకూతుళ్లు ఏం మాట్లాడుకున్నారో కానీ, చీకటిపడ్డాక వచ్చే బస్సులో మాత్రం చుక్క ఉంచుతానని, మిగతా వేళల్లో తీసేస్తానని పిల్లే చెప్పింది. లోకం భద్రంగా లేదని నాకూ తెలుసు, భయపడవద్దని ఎవరికీ చెప్పలేను. మా రోజుల్లో పేరు రాసేటప్పుడు మనిషి ఎదురుగా నిలబడి కనీసం ఎందుకమ్మా అని అడిగేవాడు; ఇప్పుడు రాసేది ఎవరో, చదివేది ఎవరో తెలియడం లేదు.

గురువారాలు ఫోను చేసిన ఆ అమ్మాయి నర్సు అయి ఉంటే ఇప్పటికి ఏదో ఒక దవాఖానలో పెద్ద నర్సుగా ఉండేది. పాన్‌గల్‌లో ఆ గోడ ఉందో, సున్నం వేశారో తెలియదు. ఉన్నా, దాని మీది నంబరుకు ఫోను చేస్తే ఎత్తేవాళ్లు లేరు.