కాలు నేలకు అందే ఎత్తు

నా కొడుకు పోయాడన్న సంగతి నాకంటే ముందు ఊళ్ళో ఫోన్లకు తెలిసింది. సుచిత్ర చౌరస్తా దగ్గర ఆసుపత్రిలో, వాడిని పెట్టిన గది బయట బెంచీ మీద నేనూ మా కూతురూ కూర్చున్నాం. డాక్టరు ఇంకా బయటికి రాలేదు. మా కూతురు ఫోన్ చూసి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. కారు పక్కన నిలబడ్డ వాడి ఫోటో, దాని వెనక ఏదో పాట. కన్నతల్లి ఏడవకముందే పాట పెట్టారు. నాకప్పుడు ఏడుపు రాలేదు, రోత వచ్చింది. ఆ రోత ఇంకా పోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

బండ్ల పని చేసేవాడు కదా, స్పీడుగా పోయి గుద్దుకున్నాడని చాలామంది అన్నారు. గుద్దుకోలేదు. దోమ కుట్టి, జ్వరం ముదిరి పోయాడు. వాడు కారు నడిపితే ట్రాక్టర్లు కూడా దాటిపోయేవి.

కండ్లకోయ దాటాక మేడ్చల్ రోడ్డు మీద వాడి షెడ్డు. కార్ల కింద స్ప్రింగులు మార్చి, ఎత్తు సరిచేయడం వాడి పని. చుట్టూ మరలు కోసిన గొట్టం ఉంటుంది, దాని మీద స్ప్రింగు, స్ప్రింగు కింద రింగు. కొక్కెం లాంటి పానాతో తిప్పితే బండి లేస్తుంది, దిగుతుంది. చూసేవాళ్ళకు ఇంతే. వాడు మాత్రం పానా పట్టుకోకముందు ఒకటే అడిగేవాడు, ఈ బండిలో ఎవరెవరు కూర్చుంటారని.

"మనిషిని సూడకుండ అంగి కుడ్తరా? బరువు తెల్వకుండ స్ప్రింగెట్ల పెడ్త? స్ప్రింగు ముందుగాల, ఎత్తు తర్వాత" అనేవాడు.

అన్నం డబ్బా తీసుకుని నేను షెడ్డుకు పోతే చాలు, నన్ను ఏదో ఒక కారు ముందు సీట్లో కూర్చోబెట్టేవాడు. వెనక సీట్లో ఇసుక సంచి. చక్రం నడిమి నుంచి పైన రేకు అంచు దాకా టేపు పెట్టి కొలిచేవాడు.

"ఊపిరి ఆపాల్నా బిడ్డా?" అని అడిగేదాన్ని.

"వద్దమ్మా. జరసేపు మాట్లాడుడు ఆపితే సాలు."

అట్లా నా బరువు మేడ్చల్ రోడ్డంతా తెలిసింది.

గట్టి స్ప్రింగు పెడితే బండి గట్టిగా ఉంటుందని వచ్చేవాళ్ళు. "గది రోడ్డు మీద నడవదన్నా, ఎగురుతది" అనేవాడు. మరీ మెత్తగా అడిగితే, గుంతలో పడగానే కింద గుద్దుకుంటుందని చెప్పేవాడు. వాడికి కోపం వచ్చేది ఒక్కదానికే, బండిని నేలకు ఆనేట్టు దించమన్నప్పుడు. ప్లాట్ల వ్యాపారం చేసే ఒకాయన కొడుకు దానికోసమే మాటిమాటికీ వచ్చేవాడు.

"అన్నా, ఇంకింత దించు. టైరుకు రేకుకు నడుమ వేలు పట్టొద్దు."

"వేలు పట్టకుంటె టైరెట్ల తిరుగుతదిరా? నడుపుతవా, ఇంటి ముందట ముగ్గు లెక్క పెట్టుకుంటవా?"

"షామీర్‌పేట చెరువు కట్ట మీద అందరు సూడాలె అన్నా."

"సూసెటోళ్ళు కట్ట మీదుంటరు. లోపట కూసునేది మీ అమ్మ. ఆమె నడుము పోతే నన్ను తిడ్తది."

దించలేదు. ఆ పిల్లవాడు నవ్వుకుంటూ పోయేవాడు, మళ్ళీ వచ్చేవాడు. అన్నా అన్నా అని తిరిగేవాడు. ప్రేమ లేదని నేను అనను.

నా మోకాళ్ళు పాడైన ఏడాది, నా కొడుకు తన పాత కారు స్ప్రింగులు తీసేసి కొంచెం మెత్తవి వేశాడు. నన్ను ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించి, రింగు తిప్పుతూ ఒక పూటంతా గడిపాడు. "దిగితే నీ కాలు సక్కగ నేలకందాలె. మోకాలు వంగొద్దు. గదే దీని ఎత్తు." బయట అందరి బండ్లూ సరిచేసి, తన బండికి మాత్రం నా మోకాలిని కొలత పెట్టుకున్నాడు.

ఇక మూడోనాడు జరిగింది చెబుతాను. మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో చేను గట్టు మీద పిట్టకు పెట్టాం. గారెలు, కోడికూర పెట్టాను. వాడి దోస్తులు పక్కన బీరు సీసా పెట్టారు. నా కొడుకు జన్మలో బీరు ముట్టలేదు. పిట్ట కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందంటారు. మా ఇంటాయన చేతులు జోడించి, "చెల్లెను నేను సదివిస్త బిడ్డా, రంది పెట్టుకోకు" అన్నాడు. రాలేదు. "నేను మంచిగుంట కొడుకా" అన్నాను. రాలేదు.

అప్పుడు ఆ ప్లాట్లాయన కొడుకు ముందుకు వచ్చి, "అన్నా, నీ బండిని నేలకు ఆనేటట్టు దించి, దినాల నాడు ర్యాలీ తీస్తమన్నా" అన్నాడు.

పిట్ట దిగింది. గారె ఎత్తుకుపోయింది.

అందరూ దండాలు పెట్టారు. "గదీ కోరిక" అన్నారు. ఆ పిట్ట ఆకలికి వచ్చిందని నేనంటే ఎవరూ వినలేదు. నా కొడుకు పుట్టినప్పటి నుంచి నాతో మాట్లాడిన మాటలన్నిటికంటే ఆ పిట్ట మాట పెద్దదైపోయింది. "పిట్ట ముట్టినంక ఇగ మాట్లాడకు" అని మా ఇంటాయన బండి తాళం చెవి వాళ్ళకు ఇచ్చేశాడు.

దినాల నాడు పొద్దున బండి తెచ్చారు. రింగులు చివరిదాకా దించేశారట, స్ప్రింగు వదులై లోపల గలగలమంటోంది. బండి కడుపు నేలకు అంగుళం పైన. వెనక అద్దం నిండా స్టిక్కరు. మంటల నడుమ నా కొడుకు ముఖం, ముఖానికి ఎవరో ఫోన్లో అంటించిన నల్ల కళ్ళద్దాలు. వాడెప్పుడూ కళ్ళద్దాలు పెట్టలేదు. పక్కన ఆ ప్లాట్లాయన నవ్వుతూ దండం పెడుతున్న ఫోటో. వచ్చే ఎన్నికల్లో నిలబడతాడట. చచ్చిన నా కొడుకు పక్కన నిలబడి ఓట్లు అడుగుతున్నాడు.

"అన్న ఆత్మ సంతోషపడ్తది పెద్దమ్మా" అన్నాడు ఆ ప్లాట్లాయన కొడుకు.

"పడనియ్యి. ర్యాలీకి నేను గూడ వస్త. ఎక్కియ్యి."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు సీట్లో కూలబడ్డాను. బండి ఇంకింత దిగింది. కదిలిస్తే టైరు రేకుకు పట్టుకుని కర్రుమంది. రెండు గజాలు పోయి ఆగిపోయింది. వెనక హారన్లు.

"జర దిగు పెద్దమ్మా."

"దిగరాదు బిడ్డా. మోకాళ్ళు గింత కిందికెళ్ళి లెవ్వయి."

నిజంగానే దిగలేకపోయాను. ఇద్దరు చేతులు పట్టి లాగినా రాలేదు. పంతానికి ఎక్కాను గాని, అప్పుడు సిగ్గుతో కళ్ళనీళ్ళు వచ్చాయి.

"మీ అమ్మను గిట్లనే గుంజుతవా?" అన్నాను.

ఆ పిల్లవాడు తల దించుకున్నాడు. ఎవరినో పంపి షెడ్డు నుంచి జాకీ, పానా తెప్పించాడు. మిగతా బండ్లు హారన్లు కొట్టుకుంటూ కట్ట వైపు వెళ్ళిపోయాయి. వీడు మాత్రం ర్యాలీ బట్టల్లోనే బండి కింద పడుకుని రింగులు తిప్పాడు. తిప్పడం, నన్ను కాలు బయట పెట్టమనడం, మళ్ళీ తిప్పడం. చివరికి నా పాదం చక్కగా నేల మీద ఆనింది. మోకాలు వంగలేదు. లేచి నిలబడ్డాను. వాడు అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను, మా కూతురు కొబ్బరినూనె రాసి, బ్లేడుతో ఆ స్టిక్కరు గీకాం. ప్లాట్లాయన ముందు పోయాడు, తర్వాత మంటలు పోయాయి. ముఖం దగ్గరికి వచ్చాక మా కూతురు ఆగిపోయింది. "గిదుండనియ్యి అమ్మా" అంది. సరే అన్నాను. కానీ ఆ నల్ల కళ్ళద్దాలు నేను చూడలేను. అవి ఒక్కటీ మెల్లగా గీకాను. అవి తీస్తే కింద వాడి కళ్ళు ఉంటాయనుకున్నాను.

ఉత్త అద్దం ఉంది. ఆ రెండు కంతల్లోంచి వెనక సీటు కనిపిస్తోంది.