ముల్లు నిలిచిన చోటు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, బయటపెట్టలేను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద మాకు పంక్చర్ల అంగడి ఉంది. మామ పోయాక అత్తే గల్లా దగ్గర కూర్చుని నడిపేది. చక్రాలకు గాలి పట్టే గొట్టం ఇరవై ఏళ్లు లాగింది నేను. అప్పుడు మరిది పెళ్లాడి యశోదను తెచ్చాడు. కుప్పం పిల్ల, పది పాసయింది. గాలి కొలిచే గేజీలో ముల్లు చూసి అంకె గట్టిగా చదివేది. నెల తిరగకముందే డ్రైవర్లు "యశోదమ్మ లేదా?" అని అడగసాగారు. నా పేరు వాళ్లలో ఒక్కడికైనా తెలుసా? అత్త కూడా "చిన్నది చెప్తే తప్పుండదు" అనేది. ఆ మాట విన్న పూట నాకు అన్నం సహించేది కాదు. ఒకరోజు యశోదే "అక్కా, అంకెలు నేర్పిస్తా రా" అంది. నీ దగ్గరా నేను నేర్చుకునేది, అనుకుని చీపురు తీసుకుని అవతలికి పోయాను.

ఆ చలికాలం అంగట్లో ఆమెకు మొదటిది. పాలవ్యాను నడిపే మునెప్ప ఒకరోజు మధ్యాహ్నం కుప్పం నుంచి వచ్చి, టైర్లు ఇంకా వేడిగా ఉండగానే గాలి పట్టించుకున్నాడు. మరునాడు పొద్దున, మంచు విడవకముందే, సొంత గేజీతో వచ్చి అత్త ముందు నిలబడ్డాడు.

"నలభై ఐదని చెప్పి ముప్పై తొమ్మిదే పెట్టిండారే! మేం పాలల్లో నీళ్లు కలుపుతామని ఊరంతా అంటారు. మీరు గాల్లో ఏం కలుపుతాండారమ్మా?"

యశోద బిత్తరపోయింది. "సరిగానే పెట్టినాను అత్తా. అక్క పక్కనే ఉండాది, అడగండి."

అత్త నా వైపు తిరిగింది. "ఏమే పెద్దదానా, ముల్లు యాడ నిలిచింది?"

"నాకు అంకెలు యాడ వస్తాయత్తా? ఆయమ్మ ఎంతంటే అంత."

అంతే అన్నాను. వేడి టైరుకు పట్టిన గాలి రాత్రి చలికి తగ్గుతుందని, పొద్దున గేజీ తక్కువ చూపిస్తే తప్పు పట్టకూడదని, మామ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ సంగతి అక్కడ తెలిసింది నాకొక్కదానికే. నోరు విప్పలేదు.

అంకె డ్రైవర్లే చూసుకుంటారులే అని అత్త ఆ రోజే గేజీ నా చేతికిచ్చింది. యశోద కొలత దొంగదని పాలవ్యాన్ల వాళ్లంతా చెప్పుకున్నారు. రెండు నెలలకు మరిది ఆమెను తీసుకుని కుప్పం వెళ్లిపోయాడు. అక్కడ బట్టలు కుడుతోందట. మళ్లీ మా గడప తొక్కలేదు.

నేను అబద్ధం ఆడానా? అంకెలు రావన్నది నిజమే కదా? ఇన్నేళ్లూ ఆ నిజం వెనకే దాక్కున్నాను. పోయినేడు మహిళా సంఘంలో అక్షరాలు, అంకెలు నేర్చుకున్నాక దాక్కోవడానికి చోటు లేకుండా పోయింది. అసలు అంకెలు ఎందుకు? ఇరవై ఏళ్లు చూసిన గేజీ. ముల్లు ఏ గీత మీద ఉంటే ఎంత గాలో కళ్లకు తెలియదా?

యశోదకు ఈ మాట చెప్పే ధైర్యం నాకు ఇంకా లేదు. వస్తుందో లేదో కూడా తెలియదు. కానీ అత్త అడిగిన ప్రశ్నకు జవాబు ఈ కాగితం మీద నా చేత్తోనే రాస్తున్నాను.

ముల్లు నలభై ఐదు మీద నిలిచింది. నేను చూశాను.