దయచేసి రీస్టార్ట్ చేయవద్దు

టెలిఫోన్ శాఖలో పదవీ విరమణ చేసిన తరువాత నేను మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సర్వర్, నెట్‌వర్క్ చూసే ఉద్యోగంలో చేరాను. నగరం పడమటి అంచున అద్దాల భవనాలు పోటీపడి లేస్తున్న కాలమది. అయినా మా కళాశాలకు వచ్చి విద్యార్థులను ఎంచుకున్న కంపెనీ అప్పటికి ఒక్కటీ లేదు. ల్యాబ్ బాధ్యత చూసే మేడమ్ చాలాకాలం తిరిగి చివరకు ఒక కంపెనీని ఒప్పించారు. వాళ్లు మా ల్యాబ్‌లోనే, మా సర్వర్ మీదనే, చివరి సంవత్సరం విద్యార్థులకు పరీక్ష పెడతారు. పరీక్ష కుంటుపడితే మళ్లీ రామని ముందే స్పష్టం చేశారు.

మా సర్వర్ మాత్రం దాదాపు రోజూ కుంటుపడుతున్నది.

సర్వర్ ఆఫీసు భవనంలో, ల్యాబ్ ఆవరణకు అవతలి భవనంలో ఉండేవి. రెంటికీ మధ్య ఒక కేబుల్. సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డు తన దగ్గరకు వచ్చిన సమాచారంలో ఎంత చెడిపోయి చేరిందో లెక్కపెడుతూ పోతుంది. ఆ అంకె ఎప్పుడు పెరుగుతున్నదో, ఎప్పుడు నిలిచిపోతున్నదో చూస్తే జబ్బు ఎక్కడున్నదో తెలుస్తుంది. సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే ఆ అంకె సున్నా అవుతుంది. నా కష్టమంతా ఈ చివరి వాక్యంలోనే ఉన్నది.

ఎందుకంటే కళాశాలలో అందరికీ తెలిసిన వైద్యం రీస్టార్ట్ ఒక్కటే. నేను అంకెను మొదటిసారి చూసి, రెండోసారి చూడడానికి వచ్చేసరికి ఎవరో ఒకరు మీట నొక్కి ఉండేవారు. ఒక్కోసారి దానితో నిజంగానే పని సాగేది. ఎందుకు సాగిందో తెలుసుకునే దారి మాత్రం మూసుకుపోయేది. మీట పక్కన పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను. మరునాడు ఆ కాగితం మీద ఎవరో టీ గ్లాసు పెట్టిన మరక ఉన్నది, అంకె సున్నా ఉన్నది.

"కోపం చేయకుండ్రి సార్," అన్నారు మేడమ్. "పిల్లలందరు ఖాళీగ కూసున్నరు. రీస్టార్ట్ కొట్టిన, నడుస్తున్నది. ఎర్రర్లు ఒక్కటి గూడ లేవు, మీరే సూడుండ్రి."

థర్మామీటరును విదిలించి జ్వరం తగ్గిందనడం వంటిదని చెప్పాను. ఆవిడ నవ్వి క్లాసుకు వెళ్లిపోయారు.

కళాశాల ఛైర్మన్ ఆ ప్రాంతపు భూస్వామి కుటుంబం మనిషి, రాజకీయాల్లోనూ తిరిగేవారు. కళాశాల వెనుక ఆయన గులాబీ తోట ఉండేది. సర్వర్ మీద ఒత్తిడి ఎక్కువై ఆగుతున్నదని ఆయన నమ్మకం. మిగతా అందరి నమ్మకమూ అదే. నేను కార్డు మార్చమంటే మార్పించారు. కేబుల్ మార్చమంటే నేను లేని ఒక ఆదివారం మార్పించారు. వంద మీటర్లు దాటితే అలాంటి కేబుల్‌లో సమాచారం చెడిపోతుంది, అందుకని దాని పొడవెంతని అడిగితే, సరిపోయిందన్నారు. ఎన్ని మీటర్లని మళ్లీ అడిగాను.

"ఇక్కడికెల్లి అక్కడికి సరిపోయింది సారూ. కార్డు మారిస్తిమి, వైరు మారిస్తిమి. ఇంకేం మార్చాలె, నిన్ను మార్చాల్నా?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. పరీక్షకు వారం కూడా లేదు.

మరునాడు సర్వర్ గదికి లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఎవరు తలుపు తట్టినా తీయలేదు. ఉదయం ల్యాబ్ కిక్కిరిసి ఉన్నది, కంప్యూటర్లన్నీ ఒకేసారి పనిచేస్తున్నాయి. అంకె కదలలేదు. మధ్యాహ్నం ల్యాబ్‌లో ఇద్దరో ముగ్గురో మిగిలారు. అప్పుడు అంకె ఎగబాకడం మొదలుపెట్టింది. ఒత్తిడి సిద్ధాంతం అంతటితో పోయింది.

కిటికీలోంచి గులాబీ తోట తొట్టి కనబడుతున్నది. బోరు నీళ్లు అందులోకి ధారగా పడుతున్నాయి. కొంతసేపటికి ధార ఆగింది. అంకె కూడా ఆగింది. ఒకసారి జరిగినదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. రెండో రోజూ చూశాను. ధార పడితే అంకె పెరిగింది, ధార నిలిస్తే నిలిచింది. బయటకు వెళ్లి కేబుల్ ఎటు పోతున్నదో చూశాను. బోరు మోటారుకు త్రీఫేజ్ కరెంటు వెళ్లే పైపులోకే అదీ దూరుతున్నది. మోటారు నడిచినంతసేపూ ఆ కరెంటు పక్కనున్న కేబుల్‌లోని సమాచారాన్ని చెడగొడుతున్నది.

ఛైర్మన్ దగ్గరకు వెళ్లి చెప్పాను.

"మొదటి వైరుకు గూడ ఆ పైపు నేనే సూపెట్టిన," అన్నారాయన, కొంత గర్వంగానే. "ఉన్న పైపు ఉండంగ సిమెంటు పగలగొట్టి మల్ల తవ్వుడెందుకు?"

కొత్తగా తవ్వడానికి వ్యవధి లేదు. పరీక్ష జరిగినంతసేపు మోటారు ఆపమన్నాను. పరీక్ష పొద్దున, తోటకు సేద్యపు కరెంటు వచ్చేది మధ్యాహ్నం కొన్ని గంటలే, ఫికర్ లేదన్నారు. అయినా మోటారు స్టార్టర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టమన్నాను. సరే అన్నారు. నిలబెట్టలేదు.

పరీక్ష రోజున వేళ మారి ఆ సేద్యపు కరెంటు పొద్దునే వచ్చింది. రైతులందరిలాగే ఆయనా కరెంటు రాగానే దానంతటదే మోటారును నడిపించే పరికరం పెట్టించుకున్నారు. ల్యాబ్‌లో తెరలన్నీ బిగుసుకుపోయాయి. మేడమ్ ఆవరణ దాటి నేనున్న సర్వర్ గదిలోకి పరుగున వచ్చి మీట మీద చేయి వేశారు. చేయి పట్టుకుని ఆపాను. అప్పుడు రీస్టార్ట్ చేస్తే అందరి జవాబులూ పోతాయి.

"నా పిల్లల బతుకులు సార్," అన్నారావిడ.

"అందుకే ముట్టొద్దంటున్న."

ఛైర్మన్ ల్యాబ్‌లో కంపెనీ అధికారి పక్కన కూర్చుని ఉన్నారు. వెళ్లి చెవిలో మోటారు నడుస్తున్నదన్నాను. ఆయన వెంటనే లేచి, మడత నలగని తెల్లబట్టలతోనే తోట గట్టు వెంట నడిచి వెళ్లి స్టార్టర్ ఆపారు. తెరలు కదిలాయి. ఎవరి జవాబులూ పోలేదు.

పోయినది సమయం. పరీక్ష గడియారం మాత్రం నడుస్తూనే ఉన్నది. విద్యార్థులకు నష్టపోయినంత సమయం ఇవ్వమని అడిగాను. ఎంత ఇవ్వాలని అధికారి అడిగారు. మేడమ్ అరగంట అన్నారు. ప్రిన్సిపల్ ఐదు నిమిషాలన్నారు. అంకె పెరగడం మొదలైన సమయం, ఆగిన సమయం నమోదయ్యేలా ఆ రోజు సర్వర్‌లో ఏర్పాటు చేసి ఉంచాను. ఆయనను తీసుకువెళ్లి చూపాను. పదకొండు నిమిషాలు. ఆయన రెండుసార్లు చూసుకుని పదకొండు నిమిషాలే ఇచ్చారు.

ఆ పొడిగింపు అయ్యేవరకు ఛైర్మన్ స్టార్టర్ డబ్బా దగ్గరే ఎండలో నిలబడ్డారు. తోటకు ఆ పూట నీళ్లు లేవని నేను గుర్తుచేశాను.

"రాయనీ సారూ," అన్నారు. "పూలకు రేపు పెట్టుకుంట."

ఆ పరీక్షలో తొమ్మిది మంది ఎంపికయ్యారు. జాబితా వచ్చిన రోజు మేడమ్ దాన్ని తరగతి తరగతికీ తిరిగి తానే చదివి వినిపించారు. ఆ తరువాతి వారం ఛైర్మన్ కేబుల్‌కు వేరే కాలువ తవ్వించారు. దారిని నేను కొలతలతో సహా గీసి ఇచ్చాను. తవ్వింది మాత్రం దాని ప్రకారం కాదు. ఎన్ని మీటర్లయిందని అడిగితే, సరిపోయిందన్నారు.