పప్పు అద్దం, పళ్లెం అద్దం

చుట్ట కొనకు ఎండను గురిపెట్టి, పొగ లేచేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడం నా పొద్దుటి పూజ. రూపాయి బిళ్లంత గుండ్రటి అద్దం ఒకటి ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. అగ్గిపుల్ల ఖర్చు లేదు. పొగాకు మొదట కమిలినప్పుడు వచ్చే ఆ తీపి కమురు వాసన తగిలితే చాలు, కర్నూలులో బురుజు వెనక సందులో, దస్తగిరి సాహెబు అంగడి మెట్టు మీద మళ్లీ కూర్చుంటాను. ఆయనెవరో చెప్పేముందు నేను చేసిన గొప్ప బేరం గురించి చెప్పాలి. అంతటి బేరం మా వంశంలో ఎవరూ చేయలేదు. ఇకముందు చేయరు కూడా.

యుద్ధకాలం. జపాను విమానాలు వస్తాయని మద్రాసు ఖాళీ అవుతోంది. జనమంతా రైళ్లెక్కి బయటికి వస్తుంటే, సరుకు అగ్గువకు దొరుకుతుందని నేనొక్కణ్ని లోపలికి పోయాను. ఇరవై నాలుగేళ్ల వయసు. చిల్లర కొట్టు నడిపే నాయన కన్నా నేనే తెలివైనవాణ్నని రుజువు చేసుకోవాలన్న దురద. తెలుగు వచ్చిన కళ్లద్దాల వర్తకుడొకాయన పెట్టెలు సర్దుకుంటున్నాడు. పన్నెండు డజన్ల జతలు. ఒకటి తీసి అద్దాన్ని వేళ్ల మధ్య తడిమాను. అంచు మందంగా ఉంది, నడుమ పలుచగా ఉంది. ఇంకొకటి తీశాను. అదీ అంతే.

“ఏమప్పా, అన్నీ నడుమ అరిగిపోయినాయే. వాడిన సరుకు నాకు అంటగడతాండావా?” అన్నాను.

ఆయన నా ముఖం కేసి కాసేపు చూశాడు. ఆ చూపులో ఉన్నది జాలి అని ఇప్పుడు తెలుసు. అప్పుడు దొరికిపోయిన దొంగ భయం అనుకున్నాను. “నిజమే బాబూ, అరిగినవే. సగానికి తీసుకో” అన్నాడు. ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని గుంతకల్లు దాకా నవ్వుకుంటూనే వచ్చాను.

మావైపు కళ్లద్దాలంటే ఒకటే అర్థం, చత్వారం. నలభై దాటాక దగ్గరివి మసకబారడానికి ఆ పేరు. నలభై అన్న లెక్క ఆ మాటలోనే ఉంది. కాబట్టి నెత్తి నెరిసిన ప్రతివాడూ నా గిరాకీయే అనుకున్నాను. మొదట మూడు జతలు అమ్మాను. మంత్రాలయం పోతున్న ఒక అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుకోవడానికని ఒకటి కొనుక్కుంది. నందికొట్కూరు దగ్గర ఒక కరణం ఒకటి తీసుకున్నాడు. మూడోది ఎమ్మిగనూరులో రామలింగప్ప అనే ముసలి నేతగాడికి అమ్మాను. పెట్టుకోగానే ముగ్గురూ అన్నది ఒకటే మాట: “ఇంకా మసకగా ఉండాదే?” ముగ్గురికీ నా జవాబూ ఒకటే. “కొత్త చెప్పు కరవదా? పది దినాలు ఓర్చుకోండి. కన్ను అలవాటవుతాది.”

రామలింగప్ప ఇంట్లో నాలుగు మగ్గాలు. ఆ చప్పుడులో వసారా ఈ చివర మాట ఆ చివరకు వినపడదు. అందుకే ఆ ఇంట్లో సగం సంసారం చేతి సైగలతోనే నడిచేది. నీళ్లు తెమ్మనడానికి ఒక సైగ, నూలు కండె అందుకోమనడానికి ఒకటి, కూటికి రమ్మనడానికి ఇంకొకటి. నేనున్నప్పుడే ఆయన భార్య లింగమ్మ వసారా ఆ చివర నుంచి కోడలికి చెయ్యి ఊపింది. కోడలు ఈరమ్మకు పద్దెనిమిదేళ్లుంటాయి. ఈ చివర కూర్చుని, దారం ముక్కుకు ఆనించుకుని పోగులు అతుకుతోంది. తలెత్తి సరిగ్గా అత్తవైపే చూసింది. చూసి, మళ్లీ తల వంచుకుంది.

లింగమ్మ నా దగ్గరికొచ్చింది. “చూస్తివా సెట్టీ? చూసి చూడనట్టు ఎట్ల కూసునిందో. ఏడాదిగా ఇదే పొగరు. వచ్చే బేస్తవారం దీని అన్న వస్తాడు. మూట కట్టి తోలేస్తా. మళ్ల ఈ గడప తొక్కే పని లేదు.”

“నాకు కనపల్లేదత్తా” అంది పక్కనే ఉన్న ఆ పిల్ల.

“పద్దెనిమిదేండ్లకే చత్వారమా?” అని అరిచింది లింగమ్మ. మగ్గాల మీదున్న మగవాళ్లు నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. దుడ్ల సంచి ఎవరి కొంగున ఉంటే వారి వైపు నవ్వడం మా కులవిద్య.

ఆ తర్వాత నాలుగో జత కదల్లేదు. పెట్టె మొత్తం ఎవరికైనా తగిలిద్దామని దస్తగిరి సాహెబు దగ్గరికి పోయాను. కర్నూలులో అద్దాలు అరగదీసే మనిషి ఆయనొక్కడే. ఇనుప మూకుడులో ఇసుక, నీళ్లు పోసి గాజును గంటలకొద్దీ తిప్పేవాడు. ఎర్రపొడితో మెరుగుపెట్టేవాడు. ఆయన గోళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ధర ఒకటే చెప్పేవాడు. నాలాంటివాడికి అది ఉప్పులేని కూడు.

నా అద్దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. “సెట్టీ, ఇవి అరిగినవి కావప్పా. అరగదీసినవి.”

తన అద్దమొకటి, నాదొకటి ఎండలో పట్టి చూపించాడు. ఆయనది నడుమ ఉబ్బి శనగపప్పులా ఉంది. దాని కింద పెట్టిన దూదికి నిప్పంటుకుంది. నాది నడుమ పళ్లెంలా గుంట. దాని కింద దూది చల్లగానే ఉంది. తలుపు మూసి, చిల్లులోంచి పడిన ఎండ గీతలోకి చుట్ట పొగ వదిలాడు. పప్పు అద్దం పెడితే గీత ముడుచుకుంది. పళ్లెం అద్దం పెడితే విప్పారింది.

“వెలుగు సక్కగా పోయే మనిషి” అన్నాడు. “మొగం చూసుకునే అద్దం అడ్డమొస్తే ఎనక్కి తిరుగుతాడు, అది మంగలాయన పని. గాజులోకి దూరితే దారి వంగుతాది, అది నా పని. గాజు అంచున పడితే రంగులుగా ఇడిపోతాది, అది అల్లా పని.” తరువాత ఒక కాలేజీ మాస్టారు పెద్ద పెద్ద సంస్కృతం పేర్లతో నాకు ఇదంతా మళ్లీ చెప్పాడు. పేర్లు నిలవలేదు, సాహెబు మాటలే నిలిచాయి.

ఆయన్ని మెత్తబరచాలని నేను అమ్మిన మూడు జతల గొప్ప చెప్పాను. పొగరుబోతు కోడలి కథ కూడా అభినయించి చూపించాను. సాహెబు నవ్వలేదు. మూకుడు మీద చెయ్యి ఆగిపోయింది.

“దారం యాడ పెట్టుకునింది?”

“ముక్కు కాడ.”

“దూరం పెట్టి చూసేవానికి పప్పు. ముక్కుకు ఆనించుకునేవానికి పళ్లెం. ఆ బిడ్డకు కావల్సింది నీ పెట్టెలో పెట్టుకోని, ముసిలోనికి అమ్మొస్తివి.” మూకుడు పక్కకు జరిపి అడిగాడు. “బేస్తవారం ఎప్పుడు?”

“రేపే.”

పెట్టెలోంచి అయిదు జతలు ఏరి, తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పెట్టి ఇచ్చాడు. రామలింగప్పకు తన పప్పు అద్దాలు ఒక జత తీశాడు. నేను అలవాటుకొద్దీ దాని ధర మీద బేరం మొదలుపెట్టాను. ఆయన నావైపు చూసేసరికి నోరు మూసుకున్నాను. “నువ్వు కూడా రా సాహెబూ” అన్నాను.

“అబద్ధం నీది. కాళ్లు కూడా నీవే పోవల్ల.”

పెట్రోలు కరువుకు బొగ్గు మీద నడిపే బస్సు దారిలో రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ దిగి తోశాను. ఎమ్మిగనూరు చేరేసరికి మధ్యాహ్నం. అరుగు మీద మూట, పక్కన ఈరమ్మ అన్న. మగ్గాలు ఆపేశారు. రామలింగప్ప మగ్గం దిగి, కణతలు పట్టుకుని కూర్చున్నాడు.

“పది దినాలంటివి. ఓర్చుకుంటాండా సెట్టీ. కండ్లే పాయనేమో అనుకుంటి.”

ఆయన ముందు కూర్చున్నాను. “నీ కండ్లు బాగుండాయి పెద్దాయనా. నేను చెప్పింది అబద్ధం” అన్నాను. పాతవి తీసుకుని సాహెబు అద్దాలు ఆయన చేతిలో పెట్టి, అయిదు జతలు ఈరమ్మ ముందు పరిచాను. మొదటిది పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. రెండోదీ అంతే. మూడోది పెట్టుకుని ఊపలేదు. వీధి అవతల ఆరేసిన రంగు నూలు చిలపల వైపు చూస్తూ నిలబడిపోయింది.

“చిలపలు... వేరే వేరేగా ఉండాయి” అంది. “ఒకటే గుడ్డ అనుకుంటి ఇన్నాళ్లు.”

లింగమ్మ వసారా ఆ చివరకు నడిచిపోయి, వెనక్కి తిరిగి, ఏడాదిగా ఊపుతున్న చెయ్యే మళ్లీ ఊపింది. ఈరమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. లింగమ్మ తాగలేదు. చెంబు పట్టుకుని నిలబడింది.

“చెయ్యి కనపడేది కాదా నీకు?”

“నువ్వు ఆపక్క ఉండావని తెలుస్తాండె అత్తా. అంతే.”

లింగమ్మ అరుగు మీదికొచ్చి మూట ముడి తనే విప్పింది. ముడి బిగుసుకుని ఉంటే పంటితో లాగింది. “తిని పో నాయనా” అంది ఈరమ్మ అన్నతో. “ఒక్కనివే పో.”

ఇదంతా సాహెబుకు చెప్పి, పెట్టె కొనమని మళ్లీ అడిగాను. “నేను కొంటే అంగట్లో మూలన పడుంటాయి. నువ్వు తిరుగు” అన్నాడు. “నోరు తెరిసే ముందు మనిషి మెడ చూడు. ముందుకు వంగినాడా, ఎనక్కి జరిగినాడా, అది చాలు.” బడుల్లో, సంతల్లో, మహానంది కోనేటి మెట్ల మీద ఏళ్లతరబడి మెడలు చూస్తూ తిరిగాను. పోయే ముందు సాహెబు నాకు ఈ పప్పు అద్దం ఇచ్చాడు. ధర అడిగితే, చివరికైనా ఒక్కటి ఊరికే తీసుకోవడం నేర్చుకో అన్నాడు. ఇప్పటికీ మా చిల్లర అంగట్లోకి ఎవరు వచ్చినా నా చూపు ముందు మెడ మీదికే పోతుంది.

ఇక ఆఖరి లెక్క. పన్నెండు డజన్లలో తొమ్మిది జతలు పగిలాయి. నూట ముప్పై నాలుగు సరైన ముక్కుల మీదికి చేరాయి. కరణం తిట్లతో సహా తిరిగిచ్చిన జత అందులోనే ఉంది. బస్సు ఖర్చులు పోగా మిగిలిన లాభం చుట్టలకు సరిపోయింది. ఇంకొక్క జత ఆ మంత్రాలయం అవ్వ దగ్గరే ఉండిపోయింది. మూడు బేస్తవారాలు మంత్రాలయంలో ఏటి మెట్ల మీద కూర్చుని ముసలమ్మల ముఖాలు వెతికాను. ఆ అవ్వ దొరకలేదు. ఏ ఊరో అడగలేదు నేను. పది దినాలకు అలవాటవుతుందని నా మాట నమ్మి ఆమె ఎన్నాళ్లు బియ్యం ఏరిందో, ఎన్ని రాళ్లు పంటికింద పడ్డాయో నాకు తెలియదు. నా లెక్కలో ఆ అంకె చోటు ఖాళీగానే ఉంది.