గంజి పెట్టిన పడుగు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. నా మీదే ఒట్టు వేసుకునేవాణ్ణిగానీ, దానికి విలువ లేదని మా ఆవిడ అభిప్రాయం.

తెనాలిలో నాకో చిన్న షెడ్డుంది. గాజుపీచు మీద రెజిన్ జిగురు పోసి బాత్రూము తలుపులు చేస్తాను. ఆ పీచు తగిలితే వారం దురద. దాని బదులు అరటినార గుడ్డ వాడితే ఏంటి అనిపించింది. దుగ్గిరాల వైపు గెల కొట్టేశాక బోదెలు తోటల్లోనే కుళ్ళిపోతుంటాయి. నారకు కొదవ లేదు, నేసేవాళ్ళే కావాలి.

బాపట్లలో ఒక పిన్ని దొరికింది. చుట్టరికం లేదు, వయసుకు ఇచ్చిన పిలుపు. పని లేక మగ్గం విప్పేసి, ఆ గది అద్దెకిద్దామని ఆమె కొడుకు తొందరపెడుతున్నాడు. రేపల్లెలో ఒక చర్చివారు కూర్చునే బల్లలకు పలకలు వెతుకుతున్నారు. మా పలక వాళ్ళకు నచ్చితే ఆమె మగ్గం ఉంటుంది. పిన్ని నిలువునా నూలు పడుగు కట్టి, అడ్డంగా అరటినార పేకగా వేసి నేసింది. ఆ గుడ్డను మూడు పొరలు పేర్చి రెజిన్ పోశాను.

ఇద్దరం పలక తీసుకుని రేపల్లె వెళ్ళాం. చర్చి పెద్దల ఎదుట దాన్ని రెండు కుర్చీల మీద ఆనించి నేనే కూర్చున్నాను. నా బరువు డెబ్బై కిలోలు, పెళ్ళినాటి లెక్కలో. పలక పొరలు పొరలుగా విడిపోయింది. నేను నేల మీదున్నాను.

"ఏంటి బాబూ, బల్లకి పలక అడిగాంగానీ ఉల్లిపాయ అడిగామా?" అన్నాడు ఒక పెద్దాయన.

పిన్ని ఒక పొర తీసి వేళ్ళ మధ్య నలిపింది. "గంజి అబ్బాయ్. గంజి పెట్టకుండా పడుగు మగ్గమెక్కిస్తానా? నీ జిగురు నూలుకి అంటలేదు, గంజికి అంటుకుంది."

"ఉతికి ఇమ్మని నేను చెప్పాల్సింది పిన్నీ. తప్పు నాదండి," అన్నాను పెద్దల వైపు తిరిగి.

ఇంకోసారి చూస్తామన్నారు వాళ్ళు.

పిన్ని మళ్ళీ నేసింది. గుడ్డను వేణ్ణీళ్ళలో నానబెట్టి మూడుసార్లు ఉతికింది. "నలభై ఏళ్ళు గంజి బాగా పెడతానని పేరు తెచ్చుకున్నాను. ఇప్పుడది పోగొట్టినందుకు మెచ్చుకుంటావా?" అంది, పిండుతూనే.

ఈసారి కొత్త పలక మీద ఉల్లిపాయ పెద్దాయనే కూర్చున్నాడు. తర్వాత పక్కన ఇంకొకాయన. ఇద్దరూ పంట ధరల గురించి మాటల్లో పడి, పలక సంగతే మర్చిపోయారు. అన్ని బల్లలకీ చేయమన్నారు. గది అద్దెకు లేదని కొడుకుతో పిన్నే చెప్పింది.

ఇక కల్పించిన ముక్క. "తప్పు నాదండి" అని నేను అనలేదు. కింద పడ్డవాణ్ణి పడ్డట్టే, "నేతలో లోపమండి" అన్నాను. పిన్ని నా వంక ఒక్కసారి చూసి, "అవునండి, గంజి నాదేనండి. ఇంకోసారి చూడండి," అని వాళ్ళను అడిగింది. తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆమే నా టిక్కెట్టు కూడా తీసింది.

వచ్చే వారం గుడ్డ తెచ్చుకోవడానికి బాపట్ల వెళ్ళాలి. ఈ కాగితం పట్టుకెళ్ళి, మగ్గం పక్కన కూర్చుని, చివరిదాకా చదివి వినిపిస్తాను.