ఓటర్ల జాబితాలో మా అమ్మ

బెజవాడ రైలు రాత్రి ఏడింటికి. నేను సాయంత్రం నాలుగింటికే అమీర్‌పేటలో జట్కా ఎక్కాను. 1946 ఎన్నికలు. మా ఊరు నైజాం సరిహద్దుకు అవతల, మద్రాసు రాష్ట్రంలో ఉంది. అక్కడ శిస్తు కట్టేవాడికి ఓటు ఉంటుందని జట్కా మల్లయ్యకు పంజగుట్ట దాటేదాకా బోధించాను.

"గంత దూరం పోయి ఓటేస్తే నీకేమొస్తది సారు?"

"అది హక్కు మల్లయ్యా."

"మాకైతె ఓటూ లేదు, ఫికరూ లేదు," అన్నాడు గుర్రాన్ని అదిలిస్తూ.

తెల్లవారి బెజవాడలో ఇడ్లీ తిని బొగ్గుతో నడిచే ఎనిమిదింటి బస్సు ఎక్కాను. కాలవ గట్టు ఎక్కలేక అది ఆగితే అందరం దిగి తోశాం.

"ఓటుకొచ్చారా? అయితే గట్టిగా తొయ్యండి," అన్నాడు పక్కనున్న రైతు.

పోలింగు మా ఊరి బడిలోనే. తొమ్మిదేళ్ల కిందట అమ్మ వెంట అక్కడికే వచ్చాను. నాన్న పోయాక పట్టా ఆవిడ పేర మారింది కనుక ఓటూ ఆవిడదే. భర్త పేరడిగితే తల వంచుకు నిలబడింది. ఆ పేరు ఆవిడ నోట ఏనాడూ రాలేదు. నేనే చెప్పాను. అభ్యర్థికొక రంగు పెట్టె. ఎందులో వేశావంటే, "పెట్టెకు తెలుసు, నీకెందుకురా?" అంది.

ఈసారి అధికారి జాబితా రెండుసార్లు తిరగేశాడు. నా పేరు లేదు. అమ్మ పేరుంది. ఆవిడ పోయి రెండేళ్లు. శిస్తు కట్టేది నేనైనా పట్టా ఇంకా అమ్మ పేరనే ఉంది; మార్పించుకోమని కరణం మూడు ఉత్తరాలు రాశాడు. ఎన్నికల చట్టమంతా చదివినవాణ్ని, ఆ ఒక్క అర్జీ రాయలేకపోయాను.

ఇంతలో తలమీద కొంగు కప్పుకున్న ఒకావిడ వచ్చి అమ్మ పేరు చెప్పింది.

"భర్త పేరు?"

"వెంకట్రామయ్య," అంది తడుముకోకుండా.

"ఈవిడ ఆవిడ కాదండీ," అన్నాను.

ఆమెను తెచ్చిన పెద్దమనిషి నా చెవిలో, "ఊరుకోండి బాబూ, అమ్మగారి ఓటు మనవాళ్లకేగా పడేది!" అన్నాడు. ఆయన మనవాళ్లే నాకూ మనవాళ్లు. అదే చిక్కు.

"మీకెలా తెలుసండీ?" అన్నాడు అధికారి.

రెండేళ్లుగా ఎవరితోనూ అనని మాట అన్నాను.

"మా అమ్మ చనిపోయిందండీ."

కొంగు కప్పుకున్నావిడ వెనుదిరిగింది. అధికారి అమ్మ పేరు మీద ఎర్రసిరా గీత గీశాడు.

ఆ సాయంత్రమే తిరుగు రైలు. ఓటుకు వెళ్లేవారికి నా సలహా ఒకటే: జాబితాలో ఎవరున్నారో ముందు కనుక్కోండి. మర్నాడు పొద్దున స్టేషను బయట మల్లయ్యే దొరికాడు.

"ఓటేసినవా సారు?"

"నాకు లేదట. అమ్మ పోయిందని చెప్పి వచ్చాను."

పంజగుట్ట దగ్గర మల్లయ్య గుర్రాన్ని నిదానించి నావైపు తిరిగాడు.

"గీ ముచ్చట పోయేనాడే నాకు చెప్తే అయిపోతుండె గద సారు," అన్నాడు.

పోయేనాడు ఈ దారంతా నేనే మాట్లాడాను. అదొక్కటి తప్ప అన్నీ చెప్పాను.