మాత్ర వెంట పొట్టు జావ

పిండిమిల్లులో జల్లెడ దగ్గర పద్దెనిమిదేళ్లుగా నిలబడుతోంది కాబట్టి ఆమెను అందరూ జల్లెడక్క అంటారు. పిండి బస్తాల్లోకి పోతే, గోధుమ పొట్టు ఆమె సంచిలోకి వచ్చేది. ఎలాగూ పారబోసేదే కదా అని యజమాని ఊరుకునేవాడు. మలబద్ధకంతో ఏళ్ల తరబడి అల్లాడిన ఆమె తండ్రికి ఆ పొట్టే నయం చేసింది. అప్పటినుంచి ఆమెకు దాని మీద మహా గురి. జావలో పొట్టు, రొట్టెలో పొట్టు, ఆఖరికి పాలలోనూ పొట్టే. మనింటికి గేదెల్ని భోజనానికి పిలిచినా వంక పెట్టవని పదిహేనేళ్ల కూతురు ఎద్దేవా చేసేది.

ఆ కూతురికే రక్తం పట్టడం లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బడిలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. క్లినిక్‌లో ఇచ్చిన ఐరన్ మాత్రలు మూడు నెలలు వాడినా హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరే చతికిలబడింది.

పిల్ల మాత్రలు పారేస్తోందని జల్లెడక్కకు అనుమానం పుట్టింది. పరుపు ఎత్తి చూసింది, కిటికీ అవతల చెత్తలో వెతికింది. ఏమీ దొరకలేదు. అయినా నిజం ఒప్పుకోమని నిలదీసింది. మింగుతున్నానని పిల్ల ఒట్టేసినా నమ్మలేదు. ఆ రోజునుంచి తనే ఎదురుగా నిలబడి మింగించింది. కడుపులో తిప్పకుండా ఉంటుందని మాత్ర వెంటే గ్లాసెడు పొట్టు జావ తాగించింది. పిల్ల మాట్లాడటం తగ్గించేసింది.

నెల గడిచాక, కనుబొమల మీది పిండి కూడా తుడుచుకోకుండా, మిల్లు నుంచి నేరుగా క్లినిక్‌కు వెళ్లింది. ముందురోజు పిల్ల ఇచ్చిన రక్తపరీక్షలో అంకె కదల్లేదు. మాత్ర దేంతో వేస్తున్నారని నర్సు అడిగింది. జల్లెడక్క చెప్పింది.

నర్సు కలం పక్కన పెట్టింది. "పొట్టు చెడ్డదని కాదక్కా. అందులో ఉండేదొకటి ఐరన్‌ని పట్టేసుకుంటుంది. ఇంక ఒంటికేం పడుతుంది? మీ నాన్నగారికి పనిచేసింది కదా అని ఎదిగే పిల్లకి పూటపూటా పోస్తే ఎలా?"

మాత్ర పరగడుపున నిమ్మరసంతో వేయాలనీ, పాలూ టీ రెండు గంటలు ఎడంగా ఉంచాలనీ, పొట్టు రోజుకు ఒక పూట కొంచెం చాలనీ చెప్పింది.

"అయితే అది ముందునుంచీ మింగుతూనే ఉందా?"

"అది నాకెలా తెలుస్తుందక్కా? పిల్లనడగండి."

అడగడం ఎప్పుడో అయిపోయింది. నమ్మడమే మిగిలింది.

జల్లెడక్క ఇంటికి తిరిగొచ్చింది. చదువుకుంటున్న కూతురి పక్కన నేల మీదే కూలబడి, తప్పు జావదేననీ, తనదేననీ చెప్పింది.

"నెల్రోజులు దొంగని చూసినట్టు చూశావు" అంది పిల్ల, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"చూశాను."

"రేపు నువ్వు నిలబడొద్దు. నేనే వేసుకుంటా."

ఆరు వారాలకు రక్తం పదికి చేరిందనుకోండి, అది తర్వాతి సంగతి. మర్నాడు పొద్దున మాత్రం జల్లెడక్క పొయ్యి ముందు ఉండగా, వెనక మాత్రల డబ్బా మూత తీసిన చప్పుడైంది. మెడ దానంతటదే అటు లాగింది. అయినా ఆమె నీళ్లు మరిగేదాకా పొయ్యి వైపే చూస్తూ నిలబడింది.